విన్నపము వేరు, లెక్క వేరు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో భాషను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను లెక్కలను గూర్చి మాటలాడ దలచితిని. ఇది విషయాంతరమని కొందరికి తోచవచ్చును. కాని తరతరములుగా పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనవంటివారికి భాష యొక్క గతి సాహిత్య సభలలో కంటె పద్దు పుస్తకములలోనే ఎక్కువగా తేలుచున్నది. ఉపాధ్యాయుని జీతమునకు పద్దు ఉన్నంతకాలము తెలుగు తరగతి యుండును. ఆ పద్దు పోయిన యేడే తరగతియు పోవును. ఈ సంగతి ఇచ్చట కర్ణాటకమున మనకెంత తెలియునో, హోసూరునుండియు, రాయగడనుండియు, షోలాపురమునుండియు వచ్చిన ప్రతినిధులకును అంతే తెలియును.

మన సంఘపు బీరువాలో విన్నపముల కట్టలున్నవి. వానిని నేనీమధ్య విప్పి చూచితిని. చక్కని దస్తూరీ, వినయమైన భాష, క్రింద వందలకొలది చేవ్రాళ్లు. వ్రాసినవారు శ్రద్ధాళువులు. వారిని నేను తక్కువ చేయుటలేదు. ఆ విన్నపములకు వచ్చిన ప్రత్యుత్తరములు మాత్రము దాదాపు ఒకే వాక్యమునకు తర్జుమాలవలె నున్నవి: తమ విజ్ఞాపన అందినది, పరిశీలనలో నున్నది. ఈ వాక్యములో దోషము పట్టుటకు వీలులేదు. దానిపై వేయుటకు రెండవ ప్రశ్నయు లేదు. పరిశీలన పదేండ్లు సాగినను అది పరిశీలనయే.

విన్నపము చేయువాడు ఇచ్చువాని దయను కోరును. లెక్క నడుగువాడు తన సొమ్ము సంగతి అడుగును. ఎంత మంజూరైనది, ఎంత ఖర్చయినది, ఎవరు చేవ్రాలు చేసి తీసికొనిరి అని అడిగినపుడు ప్రత్యుత్తరము అంకెగా రావలెను, లేక కాగితముగా రావలెను. అంకె తప్పైనచో తప్పని చూపవచ్చును. నేడు నేను చెప్పదలచినదంతయు ఈ భేదమే.

ప్రభుత్వమును లెక్క అడుగుట మన రాజ్యాంగమునకు క్రొత్త సంగతి కాదు. 148వ అధికరణము మొదలు 151వ అధికరణము వరకు గల భాగము కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరలును గూర్చినది. ఆయన నివేదికలు పార్లమెంటు ముందును, రాష్ట్ర శాసనసభల ముందును ఉంచబడును. పార్లమెంటున పబ్లిక్ అకౌంట్స్ కమిటీ వానిని పరిశీలించును. 1967నుండి ఆ కమిటీకి ప్రతిపక్ష సభ్యుని అధ్యక్షునిగా నియమించు ఆచారము సాగుచున్నది.

పెద్దలకు ముంధ్రా వ్యవహారము జ్ఞాపకముండును. 1957లో జీవిత బీమా సంస్థ కోటి రూపాయలకు పైబడిన సొమ్ముతో హరిదాస్ ముంధ్రాకు సంబంధించిన కంపెనీల వాటాలను కొన్నది. ఆ కొనుగోలును గూర్చి లోక్‌సభలో గట్టిగా నిలదీసినవాడు ఫిరోజ్ గాంధీ. ఆయన ప్రతిపక్షమువాడు కాడు, పాలక పక్ష సభ్యుడు. అందును ప్రధానమంత్రికి స్వయముగా అల్లుడు. న్యాయమూర్తి చాగ్లా విచారణను బహిరంగముగా జరిపెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి రాజీనామా ఇచ్చెను. లెక్క అడిగినచో ప్రభుత్వమునకు శత్రువులమగుదుమేమోయని శంకించు మిత్రులు ఫిరోజ్ గాంధీ ఏ వరుసలో కూర్చుండి అడిగెనో జ్ఞాపకముంచుకొందురు గాక.

అయితే ఆడిటర్ జనరలుగారు మన పల్లెలోని బడికి వచ్చి, తెలుగు పంతులు నేడు వచ్చినాడా యని చూడజాలరు. ఆ పని చేయదగినవారు ఆ పల్లెవారే. దీనిని దేశమునకు చూపినవారు రాజస్థానములోని కూలీలు, చిన్న రైతులు. 1990 మే 1వ తేదీన అచ్చట మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడెను. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ దానిని నడిపినవారిలో ముఖ్యులు. కరవు పనులలో కూలీలకు న్యాయమైన కూలి దక్కుటలేదన్నది మొదటి తగవు. అధికారులు మస్టరు రోలు చూడుమనిరి. మస్టరు రోలు చూపుమన్నచో అది రహస్యమనిరి! చేసిన పనికి గుర్తుగా వ్రాసికొన్న చిట్టా ఆ పని చేసినవానికే రహస్యమగుట వింత గాదా?

1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరాణా గ్రామమున వారు మొదటి ప్రజావిచారణ జరిపిరి. చేయవలసినది చాల సులభము. ప్రభుత్వ కాగితములలో నున్నది నలుగురి యెదుట బిగ్గరగా చదువుట, అంతే. అట్టి సభలలో పేరు చదువగానే ఆ పేరుగలవాడు లేచి, ఆ పనిలో నేను తట్ట పట్టలేదనెడివాడు. పూర్తియైనట్లు వ్రాసిన కట్టడము అసంపూర్తిగా నున్న సంగతి అందరును ఎరుగుదురు, ఏలయనగా దినమును దాని ప్రక్కనే నడచుచున్నారు. మన తెలుగున కాకిలెక్క లను మాట యున్నది. కాకులను లెక్కించినవాడు లేడు గనుకనే ఆ లెక్క చెల్లును. ఊరివారందరు కూర్చున్నచోట కాకిలెక్క చెల్లదు.

1996లో బ్యావర్ పట్టణమున వారు నలువది దినములు ధర్నా చేసిరి. మా సొమ్మునకు మా లెక్క యన్నదే వారి నినాదము. కూలి తగవు ఇట్లు దేశవ్యాప్తమైన కోరిక యైనది. తమిళనాడు 1997లోను, కర్ణాటకము 2000లోను సమాచార చట్టములు చేసినవి. తుదకు కేంద్ర సమాచార హక్కు చట్టము 2005 అక్టోబరు 12వ తేదీన పూర్తిగా అమలులోనికి వచ్చినది.

ఈ చట్టము లాయర్లకొరకు వ్రాసినది కాదు. ఏల అడుగుచున్నావని అడుగుటకు అధికారికి వీలులేదు. ముప్పది దినములలో సమాధానమీయవలెను. ఈయనిచో పై అధికారికి అప్పీలు, ఆపైన సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. తగిన కారణము లేక ఆలస్యము చేసిన అధికారికి దినమునకు 250 రూపాయల వంతున 25,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చును. ఒక్క కాగితపు నకలే గాదు, రికార్డును స్వయముగా చూచుటకును, పనిని పరిశీలించుటకును, వాడిన సరకు మచ్చు తీసికొనుటకును హక్కు గలదు. రోడ్డున వేసిన కంకరనుండి ఒక గుప్పెడు అడుగవచ్చునన్నమాట.

మన సొంత రాష్ట్రపు సంగతి యొకటి చెప్పవలెను. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమైనది. ఆ పథకపు లెక్కలను గ్రామసభ తనిఖీ చేయవలెనని 2005 నాటి చట్టమే విధించెను. ఆంధ్రప్రదేశమున ఇందుకు 2009లో ప్రత్యేక సంస్థ ఏర్పడెను. కూలి కుటుంబములలోని యువతీయువకులు శిక్షణ పొంది, రికార్డులను చేతబట్టుకొని ఇంటింటికి పోయి విచారించి, మండల కేంద్రమున అందరి యెదుట చదివిరి. బయటపడిన దుర్వినియోగములో ఖజానాకు తిరిగి వచ్చినది స్వల్పమే. అయినను వ్రాతలో నున్నది చదివి వినిపించుట యను పని చదువు నేర్చిన అధికారికి మాత్రమే చెందదని ఆ పిల్లలు చూపిరి. సరిహద్దు కీవల మనము దీనిని చేయజాలమా?

మా తాలూకాలోని యొక బడి సంగతి మనవి చేయుదును. ఊరు పేరు చెప్పను. అచ్చట తెలుగు చదువు పిల్లలకు రెండేండ్లుగా పంతులు లేడు. తలిదండ్రులు మూడు విన్నపములు పెట్టిరి. మూడింటికిని పరిశీలనయే సమాధానము. పిమ్మట ఒక తల్లి (ఏడవ తరగతివరకే చదివినది) పది రూపాయల పోస్టలార్డరు జతచేసి మూడు ప్రశ్నలు పంపినది. ఈ బడికి మంజూరైన తెలుగు ఉపాధ్యాయుని పోస్టు లెన్ని? ఆ పోస్టుపై ఈ రెండేండ్లలో నెలనెల జీతమెంత చెల్లించిరి? ఆ నెలల హాజరు పట్టీ నకలు ఇయ్యవలెను. ముప్పది దినములు గడచినవి, జవాబు లేదు. అప్పీలు చేసినది. అప్పుడు వచ్చినది కాగితము. పోస్టు ఒకటి గలదు, ఖాళీగా లేదు, జీతము నెలనెల చెల్లుచున్నది, ఉపాధ్యాయుడు డెప్యుటేషనుపై వేరొక కార్యాలయమున పనిచేయుచున్నాడు!

అనగా తెలుగు పిల్లల పేరిట సొమ్ము ఖర్చగుచునే యున్నది. పిల్లలకు పంతులు కరవు, ప్రభుత్వపు పుస్తకములో కరవు లేదు. పంతులు లేడను విన్నపమునకు పోస్టు భర్తీయై యున్నదను సమాధానము నిజమే గదా! ఆ కాగితమును చూపిన పిమ్మట పంతులు వారమునకు మూడు దినములు వచ్చుచున్నాడు. తక్కిన మూడు దినములకై ఆమె మరల వ్రాసినది. వ్యవహార మింకను తీరలేదు.

ఏమి అడుగవలెనో తెలిసినచో సగము పని యైనట్లే. విద్యాహక్కు చట్టము, 2009, 26వ సెక్షను ప్రకారము ప్రభుత్వ బడిలో మంజూరైన ఉపాధ్యాయ పోస్టులలో నూటికి పదికి మించి ఖాళీ యుండరాదు. అదే చట్టపు 21వ సెక్షను ప్రకారము బడి నిర్వహణ సంఘములో మూడువంతుల మంది తలిదండ్రులుండవలెను. బడికి వచ్చిన గ్రాంటు ఎట్లు వాడిరో చూచుట ఆ సంఘపు విధి. ఆ సంఘములో చేరి నోరు మెదపక చేవ్రాలు మాత్రము చేయు మన వారిని నేను చాలమందిని ఎరుగుదును. తెలుగు పిల్లలు తరగతిలో పదిమందియో బడిలో నలువదిమందియో యున్నచో ప్రాథమిక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుని ఈయవలెనను సూత్రమును 1949లో విద్యామంత్రుల సమావేశము అంగీకరించినది, 1956లో కేంద్రము మరల చెప్పినది. మైనారిటీ భాష కోరు పిల్లల పేర్లను ముందుగా నమోదు చేయు రిజిస్టరు బడిలో నుండవలెనని గూడ నిర్ణయము గలదు. ఆ రిజిస్టరు నకలు అడుగుడు. ఉన్నచో సంఖ్య తెలియును. లేనిచో లేదని వ్రాతమూలకముగా చెప్పవలసి వచ్చును. పదిమంది లేరు గనుక పంతులు లేడని చెప్పుటకు ముందు, లెక్కించితిరా యని మనమడుగవచ్చును.

ఇచ్చట ఒక విచిత్రము గమనింపదగినది. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము కష్టము చెప్పుకొను విన్నపమును రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఈయవచ్చును. కనుక తెలుగున ఈయవచ్చును. సమాచార హక్కు దరఖాస్తు మాత్రము ఇంగ్లీషున గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని యుండవలెను. వేడుకొనుటకు మన భాష చెల్లును, లెక్క అడుగుటకు చెల్లదు! యానామువారికి ఈ చిక్కు తక్కువ, అచ్చట తెలుగునకు అధికార వ్యవహారమున చోటు గలదు. ఈ భేదమును తొలగింపవలెనని కోరుట వేరు పని, దానిని చేయుదము. ఈలోపల మన పిల్లలు కన్నడమున మనకంటె బాగుగా వ్రాయగలరు. వారిచేత వ్రాయింతము. రాష్ట్ర భాష రానివారము గాము మనము. దానితోనే తెలుగును అడుగుదము.

కొన్ని జాగ్రత్తలు. కర్ణాటకమునను మహారాష్ట్రమునను ఒక దరఖాస్తులో ఒకే విషయము, 150 మాటలకు మించక వ్రాయవలెనను నియమము గలదు. ఇది మంచికే యని నా తలంపు; మనవారు పూర్వచరిత్ర వ్రాయుట మొదలిడినచో ప్రశ్నకు చోటు మిగులదు. చట్టము హక్కును పౌరునికి ఇచ్చినది గనుక సంఘము పేరిట గాక వ్యక్తి పేరిట అడుగవలెను. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఈ చట్టపు 8వ సెక్షనును మార్చినది; వ్యక్తిగతమను పేరిట నిరాకరించుటకు వీలు పెరిగినది. కావున ఫలానా పంతులును గూర్చి గాక పోస్టును గూర్చి, పద్దును గూర్చి అడుగుడు. పంతులుపై మనకు పగ లేదు, ఆయన పంపినచోటికి పోయినవాడు.

అపాయము లేదని నేను చెప్పను. పూనా సమీపమున తళేగావులో భూముల అక్రమములను బయటపెట్టిన సతీశ్ శెట్టి 2010 జనవరిలో హత్య గావింపబడెను. పెద్ద సొమ్ము పోయినచోట ఒక్కడే నిలిచి అడుగుట ప్రమాదము. అదే ప్రశ్నను పదిమంది పది దరఖాస్తులుగా అడుగుట మేలు. జవాబు వచ్చినవెంటనే గ్రామసభలో చదువవలెను. నలుగురికి తెలిసిన కాగితమును మాయము చేసి లాభము లేదు.

వచ్చే శనివారమునుండి ప్రతి శనివారము సాయంకాలము సంఘ కార్యాలయమున దరఖాస్తులు వ్రాసి పెట్టుటకు కన్నడము, ఇంగ్లీషు బాగుగా వచ్చిన ఇరువురు యువకులు కూర్చుందురు. పోస్టలార్డరు మాత్రము మీరు తెచ్చుకొనవలెను. ముందస్తు రిజిస్టరును బడులు తెరచుటకు మూడు నెలల ముందే తెరువవలసి యున్నది గనుక, రాబోవు సంవత్సరము మొదటి తరగతిలో చేరవలసిన పిల్లలున్నవారు వారి పేర్లను, బడి పేరును కార్యదర్శిగారి పుస్తకములో నేడే వ్రాయించి పోవుదురు గాక. ఆ పుస్తకము ద్వారమువద్ద బల్లపై నున్నది.