గిటార్‌కు కొత్త పికప్

గుడిమల్కాపూర్ పూలమార్కెట్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లకు తెలిసిన బెడదే ఇది. లైట్లు వెలగగానే ఆంప్లిఫయర్‌లో జుమ్మని మోత. మన 50 హెర్ట్జ్ కరెంటు రొదను గిటార్ పికప్ పట్టేస్తోందన్నమాట.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ చుట్ట, అంటే కాయిల్. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ స్వరం గలగలలాడుతుంది, కానీ మోత తప్పదు. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రూపొందించిన హంబకర్‌లో రెండు కాయిళ్లు ఒకదాని రొదను మరొకటి కొట్టేస్తాయి. నాదం నిండుగా వస్తుంది.

కొత్త పికప్ కొనేముందు గిటార్‌లో అది అమరే గాడి కొలత, తీగల మధ్య ఎడం చూసుకోండి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు ఎనిమిది తీగల బదులు అయిదే వాడారు. అలా తీగల అమరిక మారితే పికప్ కూడా దానికి తగ్గట్టే ఉండాలి. వాల్యూమ్ కంట్రోల్ సింగిల్ కాయిల్‌కైతే సాధారణంగా 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కైతే 500.

డబ్బు పెట్టేముందు పాత పికప్ మరలు తిప్పి ఎత్తు సరిచేసి వినండి. స్వరం బాగుపడితే ఖర్చు తప్పినట్టే. మోత మాత్రం తగ్గకపోతే హంబకర్ సంగతి ఆలోచించండి.