గేటు లేని దారి, దిక్కులేని దావా
(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



బాట రైలుపట్టాలను దాటుచోట ఆగి, చూచి, దాటుడని ఒక పలక నాటినంతమాత్రమున రైల్వేవారి బాధ్యత తీరునా? మా ప్రశ్న యిదియే.

2014 జూలై 24వ తేదీన మెదకు జిల్లా మాసాయిపేటకడ కాపలాలేని దారిలో బడిబస్సును నాందేడు-సికిందరాబాదు ప్యాసింజరు ఢీకొనెను. పదునైదుగురికి మించి పసివారును, డ్రైవరును మడిసిరి. ఇట్టి వేళల మొదట వినవచ్చు మాట, తప్పు డ్రైవరుదే యని. అతనికి విధి కలదు; మేము కాదనము. 1988 మోటారు వాహనముల చట్టము 131వ సెక్షను ప్రకారము అతడు బండి నాపవలెను; కండక్టరో, మరియొకరో దిగి పట్టాలవరకు నడచి చూచి రావలెను. కాని లోపల కూర్చున్న బిడ్డ ఏ సెక్షనును మీరినది?

ఏ దారికి కావలివాని నుంచవలెనో నిర్ణయించుటకు రైల్వేవారు రైళ్లసంఖ్యను వాహనసంఖ్యతో గుణించెడివారు. ఆ గణితమున నలువదిమందిని మోయు బస్సును ఒకటే, ఎద్దుబండియు ఒకటే!

1979లో కేరళమున ఇట్టి దారిలోనే ఒక బస్సు రైలుపాలయ్యెను. గేటు పెట్టుమని ప్రభుత్వము తమ్ము ఆజ్ఞాపింపలేదని రైల్వేపక్షము వాదించినది. 1997లో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. తీర్పు వ్రాసినవారు తెలుగువారైన ఎం. జగన్నాధరావుగారు. ప్రమాదకరమైన దారికి కాపలా నుంచకుండుట అజాగ్రత్తయే; మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో రైల్వేపైనను దావా నడచును. ఆ తీర్పు సారమిది. ఏలినవారు దీనిని చదివియుందురు. మాసాయిపేట పదునేడేండ్ల పిమ్మట జరిగినది.

2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని దారులను తొలగించిరి. సంతోషమే. అయినను 2025 జూలై 8వ తేదీన తమిళనాట కడలూరు చెంత, గేటును కావలివాడును ఉన్నచోటనే, బడివ్యాను రైలుక్రింద పడి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. ఆ గేటునకు సిగ్నలుతో ముడి లేదు. ముడి యున్నచో గేటు పడనిదే రైలునకు సిగ్నలు రాదు. మనిషి మరచినను యంత్రము మరువదు. కావలివాని నరెస్టు చేసిరి. ముడి వేయనివారి మాట యేమి?

1989 రైల్వే చట్టము 124వ సెక్షను, రైలు ప్రమాదమున గాయపడిన ప్రయాణికునకు ఎవరి తప్పును రుజువు చేయనక్కరలేకయే పరిహార మిచ్చుచున్నది. పట్టాలపై నలిగిన బస్సులోని బిడ్డ తల్లిదండ్రులో, రైల్వేవారి తప్పును రుజువు చేయుటకు కోర్టుమెట్లెక్కవలెను. లేదా దయతో విదిలించు సొమ్మునకు చేయి చాపవలెను. మేము కోరునది దయ కాదు, హక్కు. ఆ సెక్షను బాటసారికిని వర్తింపవలెను. ప్రతి గేటునకు సిగ్నలుతో ముడి పడవలెను. ఈ రెంటిని కోరుచు పార్లమెంటు సభ్యునికి పంపు విజ్ఞాపనము ఈ బల్లపై నున్నది. సంతకములు చేయ ప్రార్థించుచున్నాము.