మెరిసే కారు కొన్నాను, జాక్ లోపలికి దిగిపోయింది

పోయిన ఎపిసోడ్ చివర్లో నా వెనకాల ఒక ఎర్ర కారు కనిపించింది కదా. పొడుగు ముక్కు, రెండు తలుపులు, ఊచల చక్రాలు. అప్పటినుంచి చాలామంది అవే ప్రశ్నలు అడుగుతున్నారు. "బ్రో, అదేం కారు? ఎంతకి కొన్నావ్? ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా?" అన్నిటికీ ఈరోజు జవాబు చెప్తా. కానీ ముందే ఒక మాట. నేనెంత బాగా రిపేర్ చేశానో చూపించడానికి చేస్తున్న వీడియో కాదిది. ఆ కారు కింద ఒక ఆదివారం మధ్యాహ్నం నా కుడి చెయ్యి పోవాల్సింది. ఆ రోజు ఏం జరిగింది, ఆ తర్వాత పనిని ఏ వరసలో చేయడం నేర్చుకున్నాను, అదే ఈరోజు టాపిక్.

కారు పేరు ఎమ్‌జీబీ జీటీ. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ అనే ఊళ్లో తయారైంది. టాప్ తీసేసుకునే ఎమ్‌జీబీ 1962లో వచ్చింది. పైకప్పు ఉన్న జీటీ 1965లో వచ్చింది. 1980లో ఉత్పత్తి ఆగేలోపు రెండూ కలిపి 5 లక్షలకు పైగా చేశారు. నాది 1972ది. 1798 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు. ఇంజిన్‌కి కంప్యూటర్ లేదు, సెన్సర్ల గోల లేదు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో మొత్తం కనిపిస్తుంది. స్పేర్ పార్టులకి కూడా కరువు లేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988లో పాత అచ్చులతోనే ఎమ్‌జీబీకి కొత్త బాడీలు చేయడం మొదలుపెట్టింది. అందుకే ఇంగ్లండ్‌లో పాత కారు నేర్చుకుందాం అనుకునేవాళ్లు చాలామంది దీంతోనే మొదలుపెడతారు.

నేనూ అలాగే మొదలుపెట్టా. 2019లో ఉద్యోగం మీద బర్మింగ్‌హామ్ వెళ్లాను. బీటెక్ చదివింది కంప్యూటర్ సైన్స్, చేతిలో స్పానర్ పట్టిన పాపాన పోలేదు. 2021లో 5,500 పౌండ్లు పెట్టి ఈ కారు కొన్నా. అది మా ఇంటి అప్పులోకి పంపాల్సిన డబ్బు. "ఇక్కడే డిపాజిట్ వేశా నాన్నా" అని అబద్ధం చెప్పా. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కానీ ఈ ముక్క దాచేస్తే మిగతా కథకి అర్థం ఉండదు.

కొనేటప్పుడు ఏం చూశా? పెయింట్ చూశా. క్రోమ్ బంపర్ చూశా. సౌండ్ విన్నా. అయిపోయింది. జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉండుంటే చాలు, మొత్తం బయటపడేది. ఇనుము ఉన్నచోట అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. పైన లప్పం పెట్టి రంగేసిన చోట జారిపోతుంది.

మూడో వారం. ఇంటి వెనకాల అద్దెకి తీసుకున్న చిన్న గ్యారేజ్. ముందు ఎడమ చక్రం పట్టేస్తోందని తీసి చూద్దాం అనుకున్నా. కారుతో వచ్చిన జాక్ పెట్టి ఎత్తా, చక్రం తీశా, చెయ్యి లోపలికి పెట్టి బ్రేక్ హోస్ తడిమి చూశా. ఫోన్ మోగింది. చెయ్యి బయటికి తీసి, లేచి, ఫోన్ అందుకున్నా. వెనకాల కరకరమని అప్పడం విరిగినట్టు చప్పుడు. తిరిగి చూస్తే కారు వాలిపోయి ఉంది. జాక్ అలాగే నిలబడే ఉంది. కారు ఇనుమే చిరిగి, జాక్ లోపలికి దిగిపోయింది. బ్రేక్ డిస్క్ సరిగ్గా నా చెయ్యి ఉన్నచోట నేలకి గుద్దుకుంది.

ఎందుకలా అయిందో చెప్తా. పాత జీపులకీ లారీలకీ కింద ఛాసిస్ అని వేరే ఫ్రేమ్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. ఎమ్‌జీబీకి అది లేదు. బాడీయే ఛాసిస్. తలుపుల కింద పొడుగ్గా ఉండే పెట్టెలాంటి భాగాన్ని సిల్ అంటారు. కారు బరువు మోసేవాటిలో అది ముఖ్యమైనది. ఆ పెట్టెలోకి నీళ్లు చేరతాయి. చలికాలంలో ఇంగ్లండ్ రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కూడా చేరుతుంది. తుప్పు లోపలినుంచి మొదలై బయటికి వస్తుంది. బయట బుడగలు కనిపించేసరికి లోపల మిగిలేది తక్కువ. నా కారుకి ఎవరో ఆ బుడగలు గీకి, లప్పం పూసి, రంగు కొట్టి అమ్మారు. నేను కొన్నది అయిదు వేల అయిదొందల పౌండ్ల పెయింట్ అన్నమాట.

ఆ రాత్రి ఇంటికి వీడియో కాల్ చేశా. చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి. నాన్న చూసి "ఏంట్రా ఆ చేతులు?" అన్నారు. ఇంక దాచలేకపోయా. డబ్బు, కారు, జాక్, అన్నీ చెప్పేశా.

నాన్న రాజమండ్రిలో ఇరవై ఏళ్లు అంబాసిడర్ ట్యాక్సీ నడిపారు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. "కింద దిమ్మలు పెట్టేవా లేదా?" "లేదు నాన్నా." "జాక్ అనేది ఎత్తడానికిరా, ఆపడానికి కాదు. డబ్బు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు దిమ్మలు కొనుక్కో."

ఫ్రెండ్స్, ఈ వీడియోలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. జాక్ మీద మాత్రమే ఉన్న బండి కిందికి తలకాదు కదా, చెయ్యి కూడా పెట్టొద్దు. యాక్సిల్ స్టాండులు కొనండి. తుప్పు పట్టని గట్టి చోటు చూసి పెట్టండి. పెట్టాక కారుని గట్టిగా ఊపి చూడండి. పడితే అప్పుడే పడాలి, మీరు కిందున్నప్పుడు కాదు.

నాన్న రెండో ప్రశ్న, "ఏ ఇంజినురా అది?" బీ సిరీస్ అని చెప్పా. పేరు ఆయనకి తెలీదు. ఫోన్ తిప్పి ఇంజిన్ చూపించా. "ఇది మన అంబాసిడరే కదరా!" అన్నారు. నవ్వా. కానీ వెతికి చూస్తే నిజమే. అంబాసిడర్ పుట్టింది ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి. పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్నది 1489 సీసీ బీ సిరీస్ ఇంజిన్. నా కారులో ఉన్నది అదే కుటుంబంలో పెద్దది. గోదావరి బ్రిడ్జి మీద నాన్న తోలిన ఇంజిన్‌కి అన్నయ్య నా గ్యారేజ్‌లో ఉన్నాడు.

ఆరోజు నుంచి పని వరస నాన్న చెప్పినట్టే. ఒకటి, బండి నిలబడాలి. రెండు, బండి ఆగాలి. మూడు, అప్పుడు నడవాలి. నాలుగు, చివర్లో మెరవాలి. నేను సరిగ్గా తిరగేసి మొదలుపెట్టా.

మొదటిది, నిలబడడం. సిల్స్ వెల్డింగ్ నేను చేయలేదు. తెలిసిన వెల్డర్‌తో చేయించా, పక్కన నిలబడి చూశా. ఆయన దగ్గర నేర్చుకున్నది చెప్తా. రెండు సిల్స్ ఒకేసారి కోయకూడదు. ఒకవైపు కోసి, వెల్డ్ చేసి, అప్పుడు రెండోవైపు. కోసేముందు కారుని కిందనుంచి సమంగా మోయించాలి. తలుపు చుట్టూ సందు ఎంతుందో కొలిచి రాసుకోవాలి. లేదంటే బాడీ మధ్యలో కుంగుతుంది, ఆ తర్వాత తలుపు పడదు. దీనికే నాకు కారు ధరలో సగం పైన అయింది.

రెండోది, ఆగడం. గుర్తుందా, ఎడమ చక్రం పట్టేస్తోందని మొదలుపెట్టా కదా. క్యాలిపర్ పోయిందనుకుని కొత్తది కొన్నా. అది మార్చినా చక్రం పట్టేస్తూనే ఉంది. అసలు తప్పు రబ్బరు హోస్‌ది. పాత హోస్ బయటినుంచి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బిపోతుంది. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడికి ఆయిల్ వెళ్తుంది, వదిలితే వెనక్కి రాదు. ఎప్పుడు మార్చారో తెలియని హోసులుంటే అన్నీ మార్చేయండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, దాన్ని కూడా మార్చండి. ఇంకోటి, ఆ కాలం బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని ధూళిని నోటితో గానీ, గాలి కొట్టి గానీ ఊదకండి. తడిపి తుడవండి, మాస్క్ పెట్టుకోండి.

మూడోది, నడవడం. ఇక్కడ నా సాఫ్ట్‌వేర్ బుద్ధి నన్ను ముంచింది. ఇంజిన్ దడదడలాడుతోంది, నెమ్మదిగా ఉన్నప్పుడు ఆగిపోతోంది. నేనేం చేశా? ప్లగ్గులు, కాయిల్, కార్బొరేటర్ కిట్టు, అన్నీ ఒకే రోజు మార్చేశా. ఇంకా పాడైంది. ఏది మారిస్తే ఏమైందో తెలీదు. ఆఫీసులో జూనియర్ ఎవడైనా ఒకే కమిట్‌లో పది మార్పులు పెడితే నేనే తిట్టేవాణ్ని!

నాన్నకి ఫోన్ పెట్టి సౌండ్ వినిపించా. "కార్బొరేటర్ జోలికి పోకు. ముందు ట్యాపెట్లు చూడు. తర్వాత పాయింట్లు. కార్బొరేటర్ ఆఖర్న" అన్నారు. ఎందుకంటే వాల్వ్ సందు, స్పార్క్ సరిగ్గా లేకుండా కార్బొరేటర్ తిప్పితే, ఒక తప్పుని ఇంకో తప్పుతో కప్పెట్టినట్టే.

ట్యాపెట్లకి ఒక చక్కటి లెక్క ఉంది, తొమ్మిది లెక్క. మొత్తం ఎనిమిది వాల్వులు. ముందునుంచి 1, 2, 3 అని లెక్కపెట్టండి. ఇంజిన్ చేత్తో తిప్పుతూ ఒకటో వాల్వ్ పూర్తిగా తెరుచుకుందా, ఎనిమిదోది సెట్ చేయండి. మూడోది తెరుచుకుంటే ఆరోది. అయిదోది అయితే నాలుగోది. రెండూ కూడితే ఎప్పుడూ 9 రావాలి. మా కారు మాన్యువల్‌లో సందు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్. ఫీలర్ గేజ్ దూర్చితే కొంచెం పట్టినట్టు జారాలి. నాన్న దీన్ని పుస్తకంలో చదవలేదు, నోటికొచ్చు.

నా కారులో మూడు వాల్వులు వదులుగా, ఒకటి బిగుతుగా ఉన్నాయి. అవి సరిచేసి, పాయింట్ల గ్యాప్ పెట్టాక సగం జబ్బు పోయింది. అప్పుడు కార్బొరేటర్. ఎస్‌యూకి కింద ఒక చిన్న పిన్ను ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక దాన్ని కొంచెం పైకి నొక్కాలి. స్పీడ్ పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువైనట్టు. ఇంజిన్ ఆగిపోబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయినట్టు. దీనికి లాప్‌టాప్ అక్కర్లేదు, చెవి చాలు.

రెండు చిన్న జాగ్రత్తలు. ఈ కారు నట్లు ఎక్కువగా అంగుళాల కొలత. మన మిల్లీమీటర్ స్పానర్లు దగ్గరగా పడతాయి కానీ తలలు అరగదీస్తాయి. ఇంకోటి, 2021 సెప్టెంబర్ నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు పైపుల్ని అది తినేస్తుంది. కొత్తరకం పైపులు వేయండి, లేదా 5 శాతం ఉండే సూపర్ పెట్రోల్ కొట్టించండి.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లకి ఏటా చేసే ఎమ్‌ఓటీ పరీక్ష 2018 నుంచి తప్పనిసరి కాదు. అయినా నేను చేయించా. చట్టం వదిలేసినా తుప్పు వదలదు కదా.

టెస్ట్ పాసయిన రోజు కారు స్టార్ట్ చేసి నాన్నకి ఫోన్ చేశా. ఏం మాట్లాడకుండా ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టా. ఒక నిమిషం విని, "ఇప్పుడు బావుందిరా" అన్నారు. తర్వాత "దిమ్మలు తీసేవా?" అని నవ్వారు. డబ్బు సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనే ఎత్తా. నెలనెలా కొంచెం పంపుతూ పోయినేడాది ఆ అప్పు కట్టేశా. రంగు మాత్రం ఇంకా వేయించలేదు. సిల్స్ దగ్గర బూడిద రంగు ప్రైమర్ అలాగే కనిపిస్తుంది, వీడియోలో చూశారు కదా. అది నాలుగోది, ఎప్పటికైనా వేయించొచ్చు.

మీకు ఎమ్‌జీబీ దొరక్కపోవచ్చు. ఇంటి వెనకాల నాన్నదో మావయ్యదో పాత స్కూటర్ పడి ఉండొచ్చు. వరస మాత్రం అదే. నిలబడాలి, ఆగాలి, నడవాలి, తర్వాతే మెరవాలి. పని మొదలుపెట్టేముందు దాన్ని నడిపినవాళ్లకి ఒక్కసారి ఫోన్ చేయండి. వాళ్ల చెవిలో ఇంకా ఆ సౌండ్ ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో సీట్ల వెనకాల ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీల కథ చెప్తా. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటా మరి, బై.