సైనికశిక్షణకుఁ బోవు పుత్రికకు హితవచనములు

(వార్షిక మహాసభయందుఁ జదువఁబడిన యుపన్యాసము)



 స్త్రీవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుఁడని యీ మహాసభ కార్యనిర్వాహకులు కోరిరి. పెక్కేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించినవార మగుటచే నొక శ్లోకముతోఁ బ్రారంభించి మఱియొక శ్లోకముతో ముగింతుమని మీరు తలఁచుచుండవచ్చును. కాని నేఁడు మేము చెప్పఁబూనినది గత శ్రావణమాసమున మా యింటి యరుఁగుమీఁద జరిగిన యొక చిన్న సంగతిని గూర్చి.

మన కులస్థుఁడే యగు నొక గృహస్థుఁడు, బియ్యపు మరలో గుమాస్తా, చేత నొక కాగితముతో మాయొద్దకు వచ్చెను. ఆతని కుమార్తె అగ్నివీర్ పద్ధతిపై సైనిక పోలీసు దళమునకు దరఖాస్తు పెట్టి, వ్రాఁతపరీక్షయందుఁ గృతార్థురాలై, 1,600 మీటర్ల దూరమును ఏడున్నర నిమిషముల లోపలఁ బరుగెత్తి, వైద్యపరీక్షయు దాఁటి యెన్నికయైనది. ఆమెకుఁ బదునెనిమిదేండ్లు నిండలేదు గనుకఁ దండ్రి సంతకము కావలసివచ్చినది. "మాస్టారుగారూ! సంతకము పెట్టుమందురా? పెట్టినచో బిడ్డకు నేమని చెప్పి పంపుదును? మగపిల్లవాఁడైనచో ధైర్యముగా నుండుమని వీపు తట్టి పంపెడివాఁడను. ఆఁడుబిడ్డ కేమి చెప్పవలయునో నాకుఁ దోఁపకున్నది" అని యాతఁ డడిగెను.

మే మొక్క క్షణము మాటాడలేకపోయితిమి. ఏలయన, 1997వ సంవత్సరమున మా పెద్దకుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచుండఁగా, పాఠశాలలోని ఎన్.సి.సి. దళమునుండి పదిదినముల శిబిరమున కెన్నికయై, యిట్టి కాగితమునే మా ముందుంచెను. "ఆఁడుబిడ్డకుఁ బరస్థలమున డేరాలలో బస యేల?" అని మేము సంతకము చేయమైతిమి. ఆమె వాదింపలేదు, ఏడువలేదు. కాగితమును మడిచి పుస్తకములోఁ బెట్టుకొని లోనికిఁ బోయెను. అటుపిమ్మట మమ్మే యనుమతియు నడుగలేదు. మేము చూపిన చదువు చదివెను. మేము చూపిన సంబంధము చేసికొనెను. ఇరువదియెనిమిదేండ్లు గడచినను ఆ మడత మా కన్నుల ముందే యున్నది. పరుల బిడ్డకు హితవు చెప్పుటకు మా కేమి యధికార మని సంకోచించితిమి. కాని తప్పు చేసినవానికే దాని వెల తెలియునని సమాధానపడి, యాతనిఁ గూర్చుండుమని, బిడ్డనుఁ బిలిపించి, తోఁచినది చెప్పితిమి. దానినే యిచట విన్నవించుచున్నాము.

అభిజ్ఞానశాకుంతలము నాలవ యంకమునఁ గణ్వమహర్షి శకుంతల నత్తవారింటికిఁ బంపుచుఁ జెప్పిన మాటలను మేము విద్యార్థులకు నెన్నిమాఱులు పాఠము చెప్పితిమో లెక్కలేదు. పెద్దలను సేవింపుమనియు, సవతులతో నెయ్యముగా నుండుమనియు, భర్త కోపించినను నెదురాడవలదనియు, పరిజనులయెడ దయ గలిగియుండుమనియు నా ముని చెప్పెను. భారతము ఉద్యోగపర్వమున విదుల యను తల్లి రణమునుండి మరలివచ్చిన కొడుకును గఠినోక్తులతో మేల్కొల్పెను. కాని కూఁతును దండులోనికిఁ బంపు తండ్రి యేమి చెప్పవలయునో తెలుపు గ్రంథ మేదియు మాకుఁ గానరాలేదు. ఆ కొఱఁతను మన యిండ్లలో మనమే తీర్చుకొనవలసియున్నది.

ఇది విపరీతమైన పని యని కొంద ఱనవచ్చును. అట్లు కాదు. 1943లో సింగపూరునఁ గెప్టెన్ లక్ష్మి నాయకురాలుగా ఝాన్సీరాణి దళ మేర్పడినప్పుడు, మలయాలోని రబ్బరుతోఁటలలోఁ గూలిచేయు కుటుంబముల బాలికలు పెక్కుమంది తుపాకి పట్టిరి. 1992లోఁ జెన్నపట్టణమందలి అధికారుల శిక్షణాలయమున స్త్రీలకుఁ బ్రవేశము కలిగినది. బెంగుళూరునందలి సైనిక పోలీసు కేంద్రమున 61 వారముల శిక్షణ ముగించి, 83 మంది స్త్రీలు 2021 మే 8వ తేదీని సైనికులుగాఁ బ్రమాణము చేసిరి. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ విద్యాలయమునుండి 17 మంది యువతులు 2025 మే నెలలోఁ బట్టము పుచ్చుకొనిరి. సభావేదికలపై రుద్రమదేవిని గీర్తించి, యింటికిఁ బోయి కూఁతు పరుగు నాపుట మనకుఁ దగదు.

ఇఁక నా బాలికతోఁ జెప్పినవి.

మొదటిది శరీరమును గూర్చి. "అమ్మా! ఎన్నికకై పరుగెత్తుట వేఱు. దినదినము పరుగెత్తుట వేఱు. ఇంకను మూఁడునెలల గడువున్నది. నేఁడు చాలినంత దూరముతో మొదలిడి వారమువారమునకుఁ గొంచెముగాఁ బెంచుము. వారమున నొకదినము కాళ్లకు విశ్రాంతి నిమ్ము. ఒక్కమాఱుగా భారము పెంచినచోఁ గాలియెముకలో సన్నని బీట పడును. సైనికశిక్షణలో నిది పురుషులకంటె స్త్రీలకు హెచ్చుగాఁ గలుగునని వైద్యు లెఱుఁగుదురు. కండరము నొప్పి రెండుమూఁడు దినములలోఁ దగ్గును. ఎముకమీఁద నొక్కచోటనే నొప్పి నిలిచి, అడుగడుగునకు హెచ్చుచున్నచో దానిని దాఁచకుము. ఆ దినమే వైద్యునకుఁ జెప్పుము. దాఁచిన నొప్పి ధైర్యము కాదు, తెలివితక్కువ.

"2019–21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమునందు మన దేశమునఁ బదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. కావున నిప్పుడే నెత్తురు పరీక్ష చేయించుకొనుము. రాగిసంకటి, ఆకుకూరలు, వేరుసెనగలు, పాలు, గ్రుడ్లు ఇంటిలో నున్నవే. భోజనముతోఁ గాఫీ టీలు త్రాగకుము. అన్నములో నింత నిమ్మరసము పిండుకొనుము. మగవారు తినిన పిమ్మట మిగిలినది తిను నాచారము నీ యింటిలో నున్నచో నేఁటితో మానుము."

ఈ కడపటి మాట విని యా బాలికతల్లి గుమ్మమునఁ దలవంచుకొనెను. అది తల్లి తప్పు కాదు; మన యందఱి తప్పు.

రెండవది చెవిని గూర్చి. "అక్కడ నేర్పువానిని ఉస్తాదందురు. ఆతఁ డఱచును. తప్పడుగు పడినచో నందఱి యెదుటను గోపించును. ఒకతె చేసిన తప్పునకు వరుస యంతయుఁ బరుగెత్తవలసిరావచ్చును. ఇంటిలో నొక కసరుమాట పడని బిడ్డకు నది యవమానముగాఁ దోఁచును. ఆతఁడు నీ వంశమును దూషించుటలేదు. నీ యడుగును దిద్దుచున్నాఁడు. మాటలోని బిగ్గఱతనమును విడిచి, మాటలోని పనిని మాత్రము గ్రహింపుము. ఆజ్ఞలన్నియు హిందీలో నుండును. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్ అను వానిని ముంగిట నిలిచి చెవికిఁ గాళ్లకుఁ గూడ నేర్పుము. పాఠశాలలోఁ బరీక్షకై చదివిన హిందీ యక్కడఁ జాలదు. దినమునకుఁ బది మాటలు నోటఁ బలుకుము. పక్క మడుచుట, బట్టలుదుకుట, బూట్లు మెఱుఁగుపెట్టుట నీ చేతులతో నీవే యిప్పటినుండి చేసికొనుము. జుట్టు కత్తిరింపుమన్నచోఁ గత్తిరించుకొనుము. జుట్టు మరలఁ బెరుగును."

మూఁడవది పంక్తిని గూర్చి. ఈ మాటను గులసభలోఁ జెప్పుట కొందఱకు రుచింపకపోవచ్చును. అయినను జెప్పక తప్పదు. "అమ్మా! అక్కడి వంటశాలను లంగరందురు. ఒకే పాత్రలోని పప్పు, ఒకే పెనముమీఁది రొట్టె యందఱకును బెట్టుదురు. నీ ప్రక్కపక్కలోఁ బరుండు బాలిక యే కులమో నీ వడుగకుము. నీ కులమును నీవై చెప్పకుము. నీవు కాలు బెణికి కూలఁబడిననాఁడు నీ మూట మోయునది యామెయే. మన సంఘము నీకు విద్యార్థివేతన మిచ్చినది నిజమే. అది నిన్ను బయటి లోకములోనికిఁ బంపుటకే కాని, మన లోకమును నీ వెంటఁ గట్టి పంపుటకుఁ గాదు."

నాలవది మానమును గూర్చి. ఇది యన్నింటికంటె ముఖ్యము. కూఁతును బంపునప్పుడు "మన యింటి పరువు నీ చేతిలో నున్న" దని చెప్పుట మన యలవాటు. మేమును జెప్పినవారమే. ఆలోచింపఁగా నిది మిక్కిలి క్రూరమైన మాట. పరువు మూటను నెత్తిన నెత్తిన పిదప, బిడ్డ కేదైన నన్యాయము జరిగినను నోరు తెఱువదు. తెఱచినచో నింటి పరువు పోవునని భయపడును. కావున నా బాలికతో నిట్లంటిమి: "ఇంటి పరువును మేము చూచుకొందుము. నీవు నిన్నుఁ జూచుకొనుము. శిక్షణలోని కష్టము వేఱు, అక్రమము వేఱు. ఎండలోఁ బరుగు కష్టము, దానిని సహింపుము. అసభ్యమైన మాట, అసభ్యమైన స్పర్శ యక్రమము, దానిని సహింపకుము. జరిగిన దినము, వేళ, చోటు వ్రాసికొనుము. పై యధికారికి వ్రాఁతమూలమునఁ దెలుపుము. ఇంటికిని జెప్పుము. శిక్షణ ముగింపలేక తిరిగివచ్చినను ఈ గుమ్మము నీదే. ఎందుకు వచ్చితివని యడుగువా రీ యింట నుండరు."

అప్పుడు తండ్రివైపు తిరిగి, "ఈ కడపటి మాట నీవు నీ నోటితోఁ జెప్పవలయును, మేము చెప్పినచోఁ జాలదు" అంటిమి. ఆతఁడు కొంతసేపు నేల చూచి, "తిరిగి రావచ్చునమ్మా" యని మాత్ర మనెను. ఆ బాలిక యంతవఱకు నవ్వుచున్నది. అప్పుడు కన్నీరు పెట్టుకొన్నది. కొండంత ధైర్యము చెప్పినను రాని బలము, తిరిగి రావచ్చునన్న మాటతో వచ్చును.

ఇంక నీ సభలోని తలిదండ్రులకు రెండు మాటలు. అగ్నివీర్ సేవ నాలుగేండ్లు. 2022లోఁ బ్రకటించిన పద్ధతి ప్రకార మొక్కొక జట్టులో నూటికి 25 మంది వఱకే స్థిరసేవకుఁ దీసికొనఁబడుదురు. తక్కినవారు సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధితో నిలు సేరుదురు, పింఛను లేదు. ఈ సంగతిని బిడ్డకు ముందే చెప్పవలయును. నాలుగేండ్ల పిమ్మట నేమి చేయుదు వన్న ప్రశ్నను మొదటి యేఁటనే యామెతోఁ గలసి యాలోచింపవలయును. వెలుపలి విద్యార్థిగాఁ బట్టపరీక్షకుఁ జదువుట యొక మార్గము. ఆ సేవానిధి యామె చెమట. దానిని గట్నపు మూటగా నిప్పుడే లెక్కించు వియ్యంకుఁడు గాని, యప్పు తీర్చుకొన నెదురుచూచు తండ్రి గాని మనలో నుండరాదు.

ఆ నాలుగేండ్లు వివాహము చేసికొనరాదను నియమము కలదు. "ఇరువదిరెండేండ్లు వచ్చినచో సంబంధము లెట్లు దొరకు?" నని యా తండ్రియే యడిగెను. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది మేము కాము, ఈ సభ. మగపిల్లలు గల తలిదండ్రులు వందలకొలఁది యిచటఁ గూర్చుండియున్నారు. దండులో నుండివచ్చిన బాలిక మా యింటికోడ లగుట మాకు సమ్మతమని వారిలోఁ బదిమంది పైకిఁ జెప్పినచో నా తండ్రి భయము తీఱును.

పోషకులకు మా విన్నప మొక్కటి. సంఘనిధినుండి ప్రతివత్సరము కొంత మొత్తమును, ఇట్టి పరీక్షలకుఁ బోవు బాలికల పరుగుబూట్లకును, నెత్తురు పరీక్షకును, హిందీ మాటాడ నేర్పు నొక యుపాధ్యాయునికిని గేటాయింపుఁడు. సన్మానములకుఁ గొను శాలువలలోఁ గొన్ని తగ్గించినను జాలును. మాకుఁ గప్పఁదలఁచిన శాలువను మొట్టమొదటఁ దగ్గింపవచ్చును.

ఆ తండ్రి మా యరుఁగుమీఁదనే సంతకము చేసెను. కార్తికమాసమున బాలిక బెంగుళూరు రైలెక్కినది. అక్కడ నుదయమునఁ జలిగా నుండునని తల్లి యొక స్వెట్టరు నిచ్చినది. వారమున కొకమాఱు తండ్రికి ఫోను చేయుచున్నది. మొదటి నెలలో నెడమకాలి నొప్పిని దాఁచక చెప్పి, వైద్యుని సలహాపై పదిదినములు పరుగు మాని, మరలఁ బంక్తిలోఁ జేరినదఁట. అన్నింటిలో నీ యొక్క మాట విన్నందుకు మే మెంతయు సంతోషించితిమి.

ఈ సంగతు లన్నియు మేము మా పెద్దకుమార్తెకుఁ జెప్పి, 1997 నాఁటి తప్పు నొప్పుకొంటిమి. ఆమె కొంతసే పూరకుండి, "ఆ పిల్ల కాలి కొలత యెంత?" అని యడిగినది. మఱు వారమున నొక జత పరుగుబూట్లు తపాలాలో వచ్చినవి. వానితో నుత్తర మేదియు లేదు. అవి యా బాలికకుఁ జేరినవి.

మహాజనులారా! ఆఁడుబిడ్డ కాగితము తెచ్చి ముందుంచిననాఁడు మొదటఁ జదువుఁడు. తరువాత బిడ్డనుఁ గూర్చుండఁబెట్టుకొని మాటాడుఁడు. కాదనవలసివచ్చినను గారణము చెప్పి యనుఁడు. మే మా పని చేయలేదు. మీరు చేయుదు రని యాశించుచున్నాము.