‘నోషనల్’ అంటే సున్నా కాదు

(కొత్తపేటలో జరిగిన పింఛనుదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉండగా మనమంతా ఫైళ్ళలో ధారాళంగా వాడిన ఇంగ్లీషు విశేషణం ఒకటుంది: ‘నోషనల్’. కొందరు దాన్ని ‘నేషనల్’ అని పలుకుతారు, దానివల్ల నష్టమేమీ లేదు. ‘నామినల్’ అని అర్థం చేసుకుంటేనే నష్టం. నామినల్ అంటే నామమాత్రం. మన పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. అయినా ఆటో ఎక్కి ‘పండ్ల మార్కెట్ దగ్గర ఆపు బాబూ’ అంటున్నామా లేదా? అదీ నామినల్. పేరు మిగిలింది, పండ్లు లేవు. నోషనల్ సంగతి వేరు. సొమ్ము చేతికి రాకపోయినా వచ్చినట్టే భావించి లెక్క కట్టమని దాని అర్థం.

2015 పి.ఆర్.సి. గుర్తు తెచ్చుకోండి. 2013 జూలై 1 నుంచి నోషనల్, 2014 జూన్ 2 నుంచి నగదు ప్రయోజనం అన్నారు. మధ్యలోని 11 నెలలకు బకాయిలు లేవు. కాని కాగితం మీద స్థిరపడిన ఆ బేసిక్కే తర్వాతి ఇంక్రిమెంట్లకు పునాది అయింది. సున్నా మీద పునాది లేస్తుందా?

ఇక కేంద్ర ప్రభుత్వంలో జూన్ 30న రిటైరైన మిత్రుల విషయం. ఏడాదంతా పనిచేసినా, జూలై 1న సర్వీసులో లేరని ఇంక్రిమెంటు ఇచ్చేవారు కారు. కర్ణాటక విద్యుత్ ప్రసార సంస్థ కేసులో 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. దాన్ని అనుసరించి కేంద్రం 2025 మే 20న ఉత్తర్వు ఇచ్చింది. అందులో మన విశేషణమే ఉంది: ‘నోషనల్ ఇంక్రిమెంటు’.

ఆఖరి బేసిక్ 60,400 అనుకోండి. ఇంక్రిమెంటుతో 62,200 అవుతుంది. ఆ 1,800 జీతంగా ఎప్పుడూ చేతికి రాదు. పింఛను మాత్రం 30,200 నుంచి 31,100కు పెరుగుతుంది. నెలకు 900, దానిపై కరువు భృతి. బతికున్నంత కాలం!

అయితే గ్రాట్యుటీకి, కమ్యుటేషన్‌కు ఇది వర్తించదు. అలా మినహాయించింది ‘నోషనల్’ అనే మాట కాదు, ‘పింఛను లెక్కకు మాత్రమే’ అని పక్కన చేర్చిన వాక్యం. కొందరు గుమాస్తాలు మొదటి మాట చూసి ‘డబ్బులేం రావండీ’ అని పంపేస్తుంటారు. అప్పుడు ఉత్తర్వు కాపీ తీసి, ఆ రెండో వాక్యం చదివి వినిపించండి. పింఛను పత్రం, ఆఖరి జీతం సర్టిఫికెట్ తెచ్చినవారు ఉంటే, టీ అయ్యాక కూర్చుని లెక్క చూద్దాం.