నొప్పికీ ఒక పాఠం వున్నది
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకునే బడిపంతులును. ఇటువంటివాడు కేన్సరు నొప్పి గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకు కారణం మా ఫుప్పూ.

వన్‌టౌనులో మా యింటికి నాలుగిళ్ళ అవతల ఆమె వుండేది. రొమ్ము కేన్సరు ఎముకలకు పాకింది. డాక్టరుగారు మార్ఫిన్ మాత్రలు రాసి, నాలుగు గంటలకొకటి చొప్పున వేయమన్నారు. చదువుకున్నవాడినని ఆ పని నాకు అప్పగించారు. మార్ఫిన్ నల్లమందు నుంచి తీస్తారని నాకు తెలుసు. అలవాటు పడిపోతుందేమోనన్న భయంతో మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె తట్టుకోలేక కేక పెట్టినప్పుడు మాత్రమే ఒకటి యిచ్చేవాణ్ణి. మిగతా వేళల్లో "సబర్ చేయండి ఫుప్పూ" అనేవాణ్ణి. ఆమె నా మాట ఎన్నడూ కాదనలేదు. దుప్పటి అంచు పళ్ళ మధ్య బిగించి పడుకునేది.

పదిహేను రోజుల తరువాత ఒక నర్సమ్మ యింటికి వచ్చి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, నా వంక చూచింది. "మాస్టారూ, మీ బడిలో పాఠం గంట కొట్టినప్పుడు చెబుతారా, పిల్లవాడు ఏడ్చినప్పుడు చెబుతారా?" అన్నది. నాకు నోట మాట రాలేదు. ఆ రోజు ఆమె మాకు నేర్పినదే యిప్పుడు మీకు చెబుతున్నాను.

మొదటిది, వేళ. నొప్పి ముదిరిన తరువాత మందు వేస్తే దాన్ని అణచడం కష్టం. కనుక మాత్ర రకాన్ని బట్టి నాలుగు గంటలకో, పన్నెండు గంటలకో, డాక్టరు చెప్పిన వేళకే వేయాలి. నొప్పి మధ్యలో ఎగసిపడితే వేయవలసిన మోతాదు ఏమిటో ముందే అడిగి రాసుకోవాలి. నిదానంగా పనిచేసే మాత్రను నలిపి, పొడిచేసి యివ్వరాదు.

రెండవది, మార్కులు. నొప్పి లేకపోతే సున్న, యింతకు మించి వుండదనుకుంటే పది. ఎన్నో చెప్పవలసింది రోగి. కొడుకు కాదు, కోడలు కాదు. మాత్రకు ముందు ఎన్ని, గంట తరువాత ఎన్ని, నిద్ర పట్టిందా, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాస్తే, డాక్టరు మోతాదు సరిచేయడానికి అదే ఆధారం. "ఎలా వుంది?" అంటే "పరవాలేదు" అనడం మన ఆడవారి అలవాటు. ఆ మాటతో డాక్టరుకు ఏమి తెలుస్తుందండీ?

మూడవది, భయం. కేన్సరు నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో మార్ఫిన్ వాడినవారు వ్యసనపరులు కావడం అరుదు. శరీరం మాత్రం మందుకు అలవాటుపడుతుంది, కనుక ఒక్కసారిగా మానరాదు. మొదటి కొద్ది రోజులు వికారం, మగత వుండవచ్చు. మలబద్ధకం మాత్రం వుండిపోతుంది, దానికి మందు మొదటినుంచీ వాడాలి. లేపినా లేవనంత మత్తు, శ్వాస మందగించడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పిల్లలకు అందకుండా దాచండి. కాని నావలె రోగికే అందకుండా దాచకండి.

ఇవి మా నర్సమ్మ సొంత మాటలు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మూడు మెట్ల పద్ధతి ప్రకటించి, మందును నోటి ద్వారా, గడియారం ప్రకారం యివ్వమన్నది. మన దేశంలో 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఆసుపత్రులకు మార్ఫిన్ తెప్పించుకోవడం ఎంతో కష్టమైంది. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేసింది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరున వున్న ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రిని మీరెరుగుదురు. అక్కడ ఉపశమన వైద్యం కోసం డాక్టర్ గాయత్రి పాలత్ గారు చేసిన కృషి పేరెన్నికగన్నది. నొప్పి గురించి రోగులకు పాఠం చెప్పిన అనేక అధ్యయనాలను కలిపి చూచిన ఒక సమీక్ష 2009లో వెలువడింది. ఆ పాఠం వల్లనే పది మార్కుల కొలతపై సగటున ఒక మార్కుకు పైగా నొప్పి తగ్గిందని అందులో తేలింది. ఒక మార్కేగా అనకండి. పాసుకూ ఫెయిలుకూ మధ్య వుండేది ఒక్కొక్కసారి ఆ ఒక్క మార్కే!

సబర్ గొప్ప గుణమే. కాని మందు దగ్గర వుండీ నొప్పి భరించమనడం సబర్ నేర్పడం కాదు. రంజాన్ మాసంలో కొందరు రోగులు మాత్ర మానేస్తారు. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే వున్నది. ఆ సంగతి యింటి పెద్దలే నచ్చజెప్పాలి.

సంఘానికి నా మనవి ఒక్కటే. మన హాలులో నల్లబల్ల వున్నది. నెలకొక ఆదివారం ఒక డాక్టరునో, నర్సునో పిలిపించి, రోగులకూ వారి యింటివారికీ ఈ పాఠం చెప్పిద్దాం. రాలేనివారి యిళ్ళకు మన సోదరీమణులు యిద్దరేసి వెళ్ళాలి. నోటుబుక్కులు, పెన్సిళ్ళు నేను తెస్తాను. చదువు రానివారికి అయిదు ముఖాల బొమ్మలు, నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా, మా బడి పిల్లలు గీసి యిస్తారు.

మా ఫుప్పూ ఆ తరువాత రెండు నెలలు బ్రతికింది. రోజూ తానే ఉర్దూ అంకెల్లో మార్కులు వేసేది. మొదటి పేజీలో తొమ్మిదులు, చివరి పేజీల్లో మూళ్ళు, రెళ్ళు. ఆ నోటుబుక్కులో ముందరి పదిహేను రోజులకు పేజీలు లేవు. ఆ రోజులు నా లెక్కలో వున్నాయి. అటువంటి లెక్క మీలో ఎవరికీ మిగలకూడదని కోరుతూ శలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.