శాస్త్రిగారి తర్వాతి కుర్చీ: కూర్మా వెంకటరెడ్డి నాయుడు, దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు



మా మాస్టారి పేరున జరిగే ఉపన్యాసంలో గోదావరి జిల్లా మనిషి గురించి, అదీ మద్రాసు రాజకీయాల్లో బతికిన మనిషి గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. దానికి రెండు జవాబులున్నాయి. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక, మంజీర నీళ్ళు కాలువల్లో పారడం మొదలయ్యాక, కోస్తా జిల్లాల రైతులు ఇక్కడికి, మన బాన్సువాడ వైపుకు వచ్చి భూములు చేసుకున్నారు. వాళ్ళ క్యాంపులు ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. కాబట్టి గోదావరి మనకు మరీ పరాయిది కాదు. రెండో జవాబు అంతకన్నా దగ్గరిది. ఈ ప్రాంతంలో దుబాయికో, మస్కట్‌కో, కువైట్‌కో మనిషిని పంపని వాడ దొరకడం కష్టం. అక్కడ జీతం ఆగినా, పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కినా మన తరఫున మాట్లాడేదెవరన్న ప్రశ్న ఇక్కడి ఇళ్ళల్లో రోజూ ఉండేదే. సరిగ్గా ఆ పని చెయ్యడానికే 1929లో ఒక తెలుగు రాజకీయ నాయకుణ్ణి ప్రభుత్వం ఆఫ్రికాకు పంపింది. ఆయనే సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు.

ముందు ఆయన ఎవరి కోసం వెళ్ళాడో చూద్దాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. మద్రాసులో ఎక్కిన 342 మంది అందులో ఉన్నారు. నాటాల్ దొరల చెరకు తోటలకు కూలీలు కావాలి. అక్కడి జులూలు తమ పొలాలూ పశువులూ వదిలి ఆ తోటల్లో దిగడానికి ఇష్టపడలేదు. అయిదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు, తిండీ గుడిసే తోటవాళ్ళే ఇస్తారు. 1911లో ఈ వలస ఆగే నాటికి 1,52,184 మంది అలా వెళ్ళారు. అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే. తమిళులతో పాటు విశాఖ, గంజాం, చిత్తూరు వైపు తెలుగువాళ్ళు వేల సంఖ్యలో ఉన్నారు. ఓడ రిజిస్టర్లలో పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటి మీది పుట్టుమచ్చ దాకా రాసుకున్నారు. ఇవాళ డర్బన్‌లో మనవల మనవలు ఆ పుటలు తిరగేసి తమ ఊరు వెతుక్కుంటున్నారు.

ఒప్పందం ముగిసిన కూలీ వెనక్కి పోకుండా అక్కడే ఉండిపోవడం దొరలకు నచ్చలేదు. 1895లో చట్టం చేసి, ఉండిపోయేవాడి మీద ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేశారు. నెలకు పన్నెండు, పద్నాలుగు షిల్లింగులు సంపాదించేవాడికి ఇది ఎంత బరువో లెక్క వేసుకోండి. గాంధీగారి పోరాటం తర్వాత 1914లో గానీ ఆ పన్ను పోలేదు. కానీ వెళ్ళగొట్టాలన్న కోరిక పోలేదు. 1920లలో అది భూమి చట్టాల రూపం తీసుకుంది. భారతీయులు ఎక్కడ ఉండాలో, ఎక్కడ కొట్టు పెట్టుకోవాలో గిరి గీసే బిల్లు తయారైంది. దాన్ని ఆపడానికి 1926 డిసెంబరులో కేప్‌టౌన్‌లో రెండు ప్రభుత్వాలూ కూర్చున్నాయి. మన బృందానికి సర్ మహమ్మద్ హబీబుల్లా నాయకుడు. అవతలి వైపు హోం వ్యవహారాల మంత్రి డాక్టర్ మలాన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

1927 ఫిబ్రవరిలో ఒప్పందం బయటికొచ్చింది. బిల్లు వెనక్కి తీసుకుంటారు. ఇష్టపడి ఇండియాకు వెళ్ళిపోయేవాడికి పెద్దవాళ్ళకైతే ఇరవై పౌండ్లు, పిల్లలకైతే పది పౌండ్లు ఇస్తారు. ఉండిపోయేవాళ్ళ చదువూ బతుకూ మెరుగుపరుస్తారు. ఇవన్నీ నడిచేలా చూడటానికి భారత ప్రభుత్వం ఒక ఏజెంటును అక్కడ ఉంచుతుంది. రాయబారి హోదా లేదు. ఒక్క అధికారిని ఆజ్ఞాపించే హక్కు లేదు. మంత్రి గది తలుపు తట్టవచ్చు, మాట్లాడవచ్చు, ఢిల్లీకి రాయవచ్చు. అంతే.

మొదటి ఏజెంటు వి. ఎస్. శ్రీనివాస శాస్త్రి. ఆయన ఇంగ్లీషు విని ఇంగ్లీషువాళ్ళే తలలు ఊపేవారు. రెండేళ్ళలోపే ఆయన అక్కడ ఒక కథానాయకుడైపోయాడు. డర్బన్ భారతీయుల దగ్గర చందాలు పోగుచేసి వాళ్ళ పిల్లలకు హైస్కూలు కట్టించే పని మొదలుపెట్టాడు. ఆ కుర్చీలోకి 1929లో మన నాయుడుగారు వెళ్ళారు.

ఇంతకూ ఈయన ఎక్కడి నుంచి వచ్చాడు? 1875లో పుట్టాడు. రాజమండ్రిలోనూ, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనూ చదువు, తర్వాత వకీలు. జస్టిస్ పార్టీలో చేరాడు. 1919లో మాంటేగు సంస్కరణల మీద పార్లమెంటు సంయుక్త సంఘం విచారణ జరుగుతున్నప్పుడు బ్రాహ్మణేతరులకు సీట్లు ప్రత్యేకించాలని వాదించడానికి పార్టీ లండన్‌కు మనుషుల్ని పంపింది. నాయకుడు టి. ఎం. నాయర్ ఆ జులైలో అక్కడే చనిపోయాడు. సంఘం ముందు నిలబడి వాదన వినిపించాల్సిన బరువు నాయుడుగారి మీదా, ఆయన సహచరుల మీదా పడింది. చివరికి మధ్యవర్తి మెస్టన్ తీర్పుతో మద్రాసు శాసనమండలిలో బ్రాహ్మణేతరులకు 28 సీట్లు దక్కాయి. పరాయి దేశంలో, పరాయి సభ ముందు, తన జనం తరఫున లెక్కలు చెప్పి వాదించడం ఆయన అక్కడే నేర్చాడని నా అభిప్రాయం.

1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచింది. ఆయన అభివృద్ధి శాఖ మంత్రి అయ్యాడు. పరిశ్రమలకు ప్రభుత్వం అప్పులూ సాయమూ ఇచ్చేందుకు 1922లో మద్రాసు తెచ్చిన చట్టం ఆయన శాఖదే. అయితే ఆ మంత్రివర్గంలో ఒక చిక్కు ఉంది. సుబ్బరాయలు రెడ్డియార్ తప్పుకున్నాక పానగల్ రాజా, ఎ. పి. పాత్రో, మన నాయుడుగారు మిగిలారు. ముగ్గురూ తెలుగువాళ్ళే. తమిళ సభ్యులు ఊరుకుంటారా? 1923లో నాయుడుగారిని తప్పించి శివజ్ఞానం పిళ్ళైని తీసుకున్నారు. పార్టీ కోసం లండన్ దాకా వెళ్ళి వాదించిన మనిషిని భాష లెక్క కోసం పక్కన పెట్టారు. రాజకీయాల్లో ఇది కొత్త కాదు. ఈ హాలులో కూర్చున్నవాళ్ళకు ఉదాహరణలు నేను చెప్పక్కర్లేదు.

1928లో జెనీవాలో నానాజాతి సమితికి భారత ప్రతినిధుల్లో ఒకడిగా వెళ్ళాడు. ఆ సమితిలో మన స్థానం విచిత్రమైనది. స్వాతంత్ర్యం లేని దేశం, కానీ మొదటి నుంచీ సభ్యత్వం ఉంది. పశ్చిమాఫ్రికా నుంచి లైబీరియా ఒక్కటే అక్కడ ఉండేది. చిన్నదైనా ఆ దేశం తన జెండా కింద తాను కూర్చునేది. మన ప్రతినిధి బృందానికి ఒక భారతీయుడు నాయకుడు కావడానికి 1929 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు నాయకత్వం వహించింది కేప్‌టౌన్‌లో మాట్లాడిన ఆ హబీబుల్లాయే.

ఇక దక్షిణాఫ్రికా సంగతి. ఆయన వెళ్ళిన ఏడే అక్కడ ఎన్నికల్లో ప్రధాని హెర్ట్‌జోగ్ పార్టీ బలంగా గెలిచింది. రైల్వేల్లో, మునిసిపాలిటీల్లో నల్లవాళ్ళనూ భారతీయులనూ తీసేసి తెల్ల పేదలను పెట్టుకోవడం ఆ ప్రభుత్వ విధానం. దాని మీద ప్రపంచ మాంద్యం వచ్చి పడింది. ఏజెంటు పని ఎలా ఉండేదంటే, పార్లమెంటు కేప్‌టౌన్‌లో, కార్యాలయాలు ప్రిటోరియాలో, మన జనం ఎక్కువమంది డర్బన్‌లో. ఒక చోట వినతిపత్రం తీసుకుని, ఇంకో చోట గుమాస్తాతో మాట్లాడి, మూడో చోట మంత్రిని కలవాలి. మధ్యలో వందల మైళ్ళ రైలు ప్రయాణం.

ఆయన వెళ్ళిన కొద్ది నెలలకు, 1929 అక్టోబరు 14న, డర్బన్‌లో ఆ హైస్కూలు తెరిచారు. పేరు శాస్త్రి కాలేజీ. డబ్బు పోగుచేసినవాడి పేరే దానికి ఉండటం న్యాయమే. తెరిచాక దాన్ని నడిపించే చిల్లర పని మాత్రం కొత్త ఏజెంటు హయాంలోది. ఇండియా నుంచి వచ్చిన ఉపాధ్యాయులు అందులో పాఠాలు చెప్పారు. అక్కడి భారతీయ పిల్లలకు పై చదువుల దారి తెరిచింది ఆ బడే.

1930లో అసలు దెబ్బ తగిలింది. ట్రాన్స్‌వాల్‌లో 1885 నాటి చట్టం ప్రకారం ఆసియావాళ్ళు భూమి కొనకూడదు. మనవాళ్ళు కంపెనీల పేరున కొనుక్కుని కొట్లు నడిపేవారు. 1919లో ఆ దారీ మూశారు. 1930 మేలో మలాన్ కొత్త బిల్లు తెచ్చాడు. బంగారు గనుల ప్రాంతంలో చట్టం కన్నుగప్పి నడుస్తున్న కొట్లన్నిటినీ ఏరివేసి, భారతీయుల్ని వాళ్ళకు కేటాయించిన వీధుల్లోకి నెట్టడం దాని ఉద్దేశం. నాయుడుగారి హయాంలో పెద్ద పోరు ఇదే. బిల్లును అప్పటికప్పుడు ఆమోదించకుండా రెండు ప్రభుత్వాలూ మళ్ళీ కూర్చునే దాకా ఆపగలిగారు. 1932 జనవరిలో కేప్‌టౌన్‌లో రెండో సమావేశం జరిగింది. ఫజ్లి హుస్సేన్ నాయకత్వంలో వచ్చిన బృందంలో శ్రీనివాస శాస్త్రి, సరోజినీ నాయుడు ఉన్నారు. బిల్లును కొన్ని మార్పులతో ఆ ఏడే చట్టం చేశారు. ఎవరి ఆక్రమణ చట్టబద్ధమో తేల్చడానికి ఫీతమ్ అధ్యక్షతన కమిషన్ వేశారు. ఇది గెలుపు అనలేను. రెండేళ్ళ గడువు, కొన్ని సడలింపులు దక్కాయి. నా లెక్కలో మాత్రం, ఓటు లేని జనం తరఫున అధికారం లేని ఏజెంటు ఆ రోజుల్లో సాధించగలిగింది ఇంతకు మించి ఉండదు. శాస్త్రి అక్కడ ఉండి ఉంటే వేరుగా జరిగేదని అనేవాళ్ళకు ఒకటే చెప్తాను. ఆ రెండో సమావేశంలో శాస్త్రి ఉన్నాడు.

ఆ సమావేశంలో మరో నిజం రెండు ప్రభుత్వాల నోటా వచ్చింది. వెళ్ళిపోయేవాళ్ళకు డబ్బిచ్చి పంపే పథకం ఇక సాగదని ఒప్పుకున్నారు. అక్కడున్న భారతీయుల్లో నూటికి ఎనభై మంది ఆ నేల మీద పుట్టినవాళ్ళే. ఇరవై పౌండ్లు చేతిలో పెట్టి ‘మీ దేశం పొండి’ అంటే వాళ్ళకు తెలిసిన దేశం అదే కదా. తిరిగి వచ్చినవాళ్ళలో చాలామంది మద్రాసులో పని దొరక్క, బంధువులు చేర్చుకోక నానా తిప్పలు పడ్డారు. గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో దిగినవాణ్ణి చూసినవాళ్ళకు ఇది కొత్త కథ కాదు.

అప్పటికి తోటల్లో మూడు తరాలు గడిచిన మన తెలుగువాళ్ళు భాష మరిచిపోతున్నారు. ఇంట్లో పెద్దలు మాట్లాడితే పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తున్నారు. అలాంటి రోజుల్లో, ఆయన ఏజెంటుగా ఉండగానే, 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది. అదే ఏడు ఇక్కడ నిజాంసాగర్ పూర్తయింది. చరిత్రలో ఇలాంటి కాకతాళీయాలకు అర్థం ఉండదు, కానీ చెప్పకుండా ఉండలేను.

1932లో తిరిగొచ్చాక మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాడు. 1936లో లార్డ్ ఎర్‌స్కిన్ సెలవు మీద వెళితే జూన్ నుంచి అక్టోబరు దాకా ఆయనే తాత్కాలిక గవర్నరు. ఒప్పంద కూలీల పిటిషన్లు మోసిన మనిషి ఆ బంగళాలో కూర్చున్నాడు.

1937 ఎన్నికల్లో కాంగ్రెసు 215 స్థానాల్లో 159 గెలిచింది. గవర్నరు జోక్యం చేసుకోడని హామీ ఇస్తేగానీ మంత్రివర్గం ఏర్పాటు చెయ్యబోమని రాజాజీ పట్టుబట్టాడు. గవర్నరు మధ్యంతర ప్రభుత్వానికి మనిషిని వెతికాడు. ముందు ఎవరిని అడిగాడో తెలుసా? శ్రీనివాస శాస్త్రిని. శాస్త్రి వద్దన్నాడు. ఆ కుర్చీలో నాయుడుగారు కూర్చున్నారు. ఏప్రిల్ 1 నుంచి జులై 14 దాకా ఆయన ప్రధానమంత్రి. ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు. ప్రజలు ఓడించిన పార్టీ వాడు, సభలో మెజారిటీ లేనివాడు ఆ పదవి తీసుకోవడం సరికాదని నేను అనుకుంటాను. శాస్త్రి కాదన్నది తెలివిగా. నాయుడుగారు ఒప్పుకున్నది బహుశా అలవాటు కొద్దీ. పిలిస్తే వెళ్ళడం, అప్పగించింది చెయ్యడం ఆయన తీరు. డర్బన్‌లో మేలు చేసిన ఆ గుణమే మద్రాసులో ఆయన్ని పలుచన చేసింది.

ఇంకొకటి కూడా ఉంది. శాస్త్రి 1935 నుంచి 1940 దాకా అణ్ణామలై విశ్వవిద్యాలయం వైస్‌చాన్సలర్. ఆయన దిగాక ఆ పదవిలోకి వచ్చింది, మీరు ఊహించిందే, వెంకటరెడ్డి నాయుడు. 1942లో చనిపోయే దాకా అక్కడే ఉన్నారు. ఒకాయన ఖాళీ చేసిన కుర్చీల్లో రెండుసార్లు, కాదన్న కుర్చీలో ఒకసారి. శాస్త్రి గురించి పుస్తకాలు వచ్చాయి, ఉత్తరాలు అచ్చయ్యాయి. మన నాయుడుగారి గురించి తెలుగులో చదవడానికి చాలా తక్కువ దొరుకుతుంది. మాస్టారు మా క్లాసులో, నాయకుల పేర్లు బట్టీ పట్టడం మాని వాళ్ళు ఏ కాగితం మీద సంతకం పెట్టారో చూడమనేవారు. ఏజెంట్లు ఏటా పంపిన నివేదికలను భారత ప్రభుత్వం అచ్చువేసేది. వెనక నిలబడ్డ పిల్లలు ఎవరైనా ఆ పుటలు తిరగేస్తే మాస్టారికి అంతకన్నా మంచి నివాళి ఉండదు.

తర్వాత జరిగినవి ఆయన చూడలేదు. 1946లో ఇండియా దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. ఆ డిసెంబరులో విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితిలో భారతీయుల కేసు వాదించి 32 ఓట్లకు 15తో తీర్మానం నెగ్గించింది. వినతిపత్రాల కాలం అలా ముగిసింది. రెండేళ్ళకు, 1948లో, డాక్టర్ మలాన్ ప్రధానమంత్రి అయ్యాడు. 1950లో ప్రాంతాల విభజన చట్టం తెచ్చాడు. 1930లో ట్రాన్స్‌వాల్ కొట్ల కోసం నాయుడుగారు రెండేళ్ళు ఆపగలిగిన ఆ ఆలోచనే ఈసారి దేశమంతటికీ వర్తించింది. డర్బన్‌లో తాతలు చెమటోడ్చి కొనుక్కున్న తోటలూ ఇళ్ళూ వదిలి వేల భారతీయ కుటుంబాలు 1960లలో చాట్స్‌వర్త్ అనే కొత్త బస్తీకి మారాయి. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆంధ్ర మహాసభ ఆ మార్పును తట్టుకుని నిలిచింది. ఉగాది చేస్తోంది, పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది.